గుడ్డకు ఏడు దినాలు

కల్లుగీసే పోశాన్ని తాటివనంలోంచి తీసుకుపోయి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. తీసుకుపోయినవాళ్లు కేకలేయలేదు, చెయ్యి చేసుకోలేదు. చెట్టు మొదట్లో కూచుని కత్తి నూరుకుంటున్నవాణ్ని కత్తి కింద పెట్టమన్నారు. పెట్టాడు. వెంట రమ్మన్నారు. పోయాడు. ఆ కత్తి ఇంకా అక్కడే ఉంది. దాన్ని ముట్టడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

ఎందుకు తీసుకుపోయారో ఊరందరికీ ఎరుకే. దళంలో తిరిగే ముత్యం, తల్లిని చూసిపోదామని గురువారం తెల్లవారుజామున ఊళ్లోకి వచ్చాడు. మామిడితోట దాటకముందే పోలీసుల తుపాకికి పడిపోయాడు. వాడు వస్తున్నాడన్న కబురు ఎవరో ఒకరు చేరవేయకపోతే పోలీసులకెట్లా తెలుస్తుంది? ఆ ఒకరు ఎవరన్నదానికి ఊళ్లో ఒక్కడే జవాబు చెప్పాడు. మగ్గం నేసే చంద్రమౌళి.

బుధవారం పొద్దుగూకే వేళ సిరిసిల్ల నుంచి నూలు మోసుకుని వస్తూ, ఊరి బయట కల్వర్టు దగ్గర పోలీసు జీపు చూశాడు. జీపు పక్కన ఒక మనిషి నిలబడి వంగి మాట్లాడుతున్నాడు. ఆ మనిషి పోశమే అన్నాడు. శనివారం సంఘం పెద్ద పరశురాములు వచ్చి, "మంచిగ గుర్తువట్టినవా పెద్దబాపూ?" అని అడిగితే, కొంచెం కోపం కూడా వచ్చింది చంద్రమౌళికి.

"నేను నేసిన తువ్వాల నేను గుర్తువట్టనా? గసొంటి అంచు ఈ తాలూకాల ఇంకో మనిషి భుజం మీద లేదు."

ఆ మాట మీదనే దళంవాళ్లు పోశాన్ని తీసుకుపోయారు. మంగళవారం పంచాయితీ. అంటే రేపు. ఆ పంచాయితీలో తీర్పు ఎట్లుంటుందో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది.

సోమవారం పొద్దున చంద్రమౌళి మగ్గం గుంతలో కూచున్నాడు గానీ పని సాగడం లేదు. నాడె అటు పోతే ఇటు రావడం లేదు. పోగు తెగుతోంది. ముడి వేస్తే ముడి దగ్గరే మళ్లీ తెగుతోంది. భార్య సత్యవ్వ పెట్టిన జొన్నగట్క గిన్నెలో ఎట్లున్నది అట్లనే ఉంది. పెరట్లో బిడ్డ నీల బట్టలుతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నీల, అల్లుడు జలపతి నిన్ననే సిరిసిల్ల నుంచి వచ్చారు. జలపతి అక్కడ సాంచె, అంటే పవర్లూమ్, నడుపుతాడు. ఇవ్వాళ రెండు గంటల బస్సుకు కోరుట్ల పోతానంటున్నాడు. అది అతని పుట్టిన ఊరు.

"మౌళన్నా, ఉన్నవా?"

గంగవ్వ గొంతు. పోశం పెండ్లాం. సత్యవ్వ గడప దగ్గర నిలబడి, లేడని చెప్పనా అని కళ్లతోనే అడిగింది మొగుణ్ని. చంద్రమౌళి తల అడ్డంగా ఊపాడు.

"గుంతలనే ఉన్న. రా చెల్లె. కూసో."

"కూసోను. నిలవడే మాట్లాడుత. నువ్వు నేసుడు ఆపకు. ఆపితే నా మొఖం సూడవడ్తది నీకు."

ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. అది చూసి సత్యవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. గంగవ్వ ముట్టలేదు.

"ఏడ్వనీకి రాలే వదినె. ఏడుపు రేపటికి దాసుకున్న." మగ్గం వైపు తిరిగింది. "నీ పుస్తకం యాడున్నదన్నా?"

"గూట్లె."

"తియ్యి."

"ఎందుకు చెల్లె?"

"దూడ సచ్చిన దినం నువ్వే తీసినవ్. గా దినం నేనడగలే. ఇయ్యాల అడుగుతున్న."

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద చంద్రమౌళికి ఊపిరితిత్తుల జబ్బు పట్టింది. నడవలేని మనిషిని పోశమే వీపున వేసుకుని రెండు మైళ్లు మోసి బస్సెక్కించాడు. క్రైస్తవుల దవాఖానలో చంద్రమౌళి ఎనిమిది నెలలు పడి ఉన్నాడు. అక్కడ ఊడ్చే దేవవ్వ అనే ముసలామె, పొద్దుపోక పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నవాణ్ని చూసి, అట్టలు ఊడిపోయిన లావు పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. అందులో ముందు భాగమే మిగిలింది. మోషే అనే పెద్దమనిషి యూదులకు చెప్పిన చట్టాలు. చంద్రమౌళి దేవుణ్ని మార్చుకోలేదు. మార్కండేయుడికే మొక్కుతాడు. కానీ ఆ పుస్తకాన్ని విడవలేకపోయాడు.

దానికో కారణముంది. ఒకరోజు కూడబలుక్కుంటూ చదువుతుంటే గుడ్డ ఊసు వచ్చింది. గుడ్డకు మచ్చ పడితే, పడుగులో పడ్డా పేకలో పడ్డా, ఏం చెయ్యాలో రాసి ఉంది. చంద్రమౌళి మంచం మీద లేచి కూచున్నాడు. పడుగూ పేకా తెలిసిన దేవుడు. మచ్చ కనబడగానే కాల్చెయ్యమని చెప్పలేదు ఆ దేవుడు. పూజారి చూడాలట. చూసి, గుడ్డను ఏడు దినాలు మూసిపెట్టాలట. ఏడో దినం మళ్లీ చూడాలట. మచ్చ పాకితే కాల్చాలి. పాకకపోతే ఉతికి, ఇంకో ఏడు దినాలు ఆగాలి. నేతగాడి కష్టం తెలిసినవాడే ఈ మాట రాశాడు అనుకున్నాడు చంద్రమౌళి. తొందరపడి కాలిస్తే నెల రోజుల పని బూడిద.

ఇంటికి వచ్చాక ఆ చట్టాలను ఒక్కొక్కటే పనిలో పెట్టాడు. మిద్దె మీద పిట్టగోడ లేకపోతే, మీంచి పడినవాడి నెత్తురు ఇంటివాడి మీద ఉంటుందని చదివి, మొల లోతు గోడ కట్టించాడు. ఊరు నవ్వింది. తరువాత దూడ సంగతి జరిగింది. వాకిట్లో సున్నానికి గుంత తవ్వి, ఒక్క రాత్రి మూత వెయ్యడం మరిచాడు. గంగవ్వ దూడ అందులో పడి మెడ విరిగి చచ్చింది. గంగవ్వ నా రాత అనుకుని వెళ్లిపోబోయింది. చంద్రమౌళి లోపలికి పోయి పుస్తకం తెచ్చి, గుంత తవ్వి మూయనివాడే నష్టం కట్టాలని చదివి వినిపించి, తన దూడ పలుపు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆనాటి నుంచి ఊరు నవ్వడం మానింది. గట్టు తగాదా వచ్చినా, కొలత తగాదా వచ్చినా, మౌళన్న పుస్తకం ఏమంటుందో అడగండి అనేవాళ్లు.

ఇప్పుడు ఆ పుస్తకం గూట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తెరవలేదు.

"దూడకు దూడనిచ్చినవ్," అంది గంగవ్వ. "నా మొగనికి ఏమిస్తవ్?"

చంద్రమౌళి తెగిన పోగు కొస వేళ్ల మధ్య నలిపాడు.

"చెప్పన్నా. మనిషి పానం తియ్యాలంటే ఎంతమంది సూడాలె నీ పుస్తకంల?"

"ఇద్దరు. ముగ్గురైతే ఇంకా మంచిది."

"నువ్వెంతమందివి?"

"ఒక్కణ్ని."

"గీ మాట పరశురాములుకెందుకు చెప్పలే?"

"ఆయన అడగలే."

"నేను కూడా అడగలే దూడను. నా అంతల నేను పోతుంటే పిలిచి ఇచ్చినవ్. గప్పుడు ఊరంత సూస్తున్నది, గందుకా?"

ఆ మాట సూదిలా దిగింది. చంద్రమౌళి తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఎందుకు చెప్పలేదు? వీపున మోసినవాడు కదా, ముఖం చూసి మాట మారుస్తాడని ఊరు అనుకుంటుందేమోనని. తీర్పు దగ్గర బీదవాణ్ని చూడొద్దు, గొప్పవాణ్ని చూడొద్దు అన్న మాట కూడా అదే పుస్తకంలో ఉంది. మేలు చేసినవాణ్ని కూడా చూడని నీతిమంతుణ్ని నేను అని లోపల ఎక్కడో మురిసిపోయాడు. ఆ మురిపెమే ఇప్పుడు సిగ్గుగా మారింది.

"మొఖం సూసినవా?" అంది గంగవ్వ.

"మొఖం ఆనలే. పొద్దుగూకింది. నా కండ్ల సంగతి నీకెరుకేనాయె."

ఆ మాట నిజం. నలభై ఏళ్లు పోగులు చూసిన కళ్లు. పది బారల అవతల మనిషి ముఖం ఆయనకు పిండిముద్ద. కానీ గుడ్డ కనబడుతుంది. ఎవరొస్తున్నారో అంచును బట్టి చెబుతాడు. పడుచుతనం నుంచీ అంతే. ఆ వాడకట్టులో సగం మంది మగవాళ్లు అట్లాగే చెబుతారు. నీలి గళ్ల లుంగీ వస్తోంది అంటారు గానీ ఫలానా మనిషి వస్తున్నాడనరు. ఇన్నేళ్లలో ఎన్నడూ తప్పు పోలేదు.

"మరేం సూసినవ్?"

"గుడ్డ సూసిన. ఎర్రంచు, నడుమ జంట పసుపు పోగు. ఎడమ భుజం మీద. నేను నేసిందే. ఇంకా..." చంద్రమౌళి ఆగాడు.

"ఇంకా?"

"చెట్టెక్కే మోకు కూడా కనవడ్డది. నడుం కాడ యాలాడుకుంట. కల్లుగీతోడే అనుకున్న."

గంగవ్వ నవ్వింది. ఆ నవ్వు విని పెరట్లో నీల ఉతకడం ఆపింది.

"మోకా. ఆయన మోకు సోమారమే తెగింది. బుధారం పొద్దుగాల్ల గంభీరావుపేట పోయి కొత్తది పేనమని చెప్పి ఒట్టి చేతుల్తోని వచ్చిండు. అదింకా ఆ పేనెటోని ఇంట్లనే ఉన్నది, పోయి అడుగు. గా దినం నడుముకేం కట్టుకుంటడు, నా కొంగా?"

చంద్రమౌళి నాడె పక్కన పెట్టాడు.

"ఇగో." గంగవ్వ భుజం మీది తువ్వాల తీసి ఆయన ఒళ్లో, పుస్తకం మీద వేసింది. "పట్టుకపోయేటప్పుడు చెట్టుకాడ పడ్డది. నీ పనే గదా. సూడు."

చూడాల్సిన పనిలేదు. వేళ్లకు తెలుసు. పోయిన దసరా ముందు వేసిన చిన్న పడుగు. ఆ పడుగు మీద మొదట దిగిన తువ్వాల పోశానికి ఇచ్చాడు. వీపు రుణం అన్నాడు ఇస్తూ. పోశం నవ్వి, గీ తువ్వాల కట్టుకుని చెట్టెక్కితే తాటికమ్మలు కూడా దండం పెడుతయి అన్నాడు. రెండు కొసలూ కోసి, మడిచి కుట్టి ఉన్నాయి. సత్యవ్వ కుట్టుడు. వేలాడేదంటూ ఏమీ లేదు ఆ తువ్వాలకు.

మరి ఆ మనిషి నడుం దగ్గర వేలాడింది ఏమిటి?

తలకన్నా ముందు చేతులకు గుర్తొచ్చింది. పడుగు మొదలుకు ఒక తువ్వాల ఉంటే, పడుగు కొసకు ఇంకొకటి ఉంటుంది. నేతగాడు అన్నవాడు మరిచిపోగూడని సంగతి అది. నూలుకు రెండు కొసలున్నట్టే. ఆ పడుగు చివర నేసిన తువ్వాలకు నేయకుండా మిగిలిన పోగులున్నాయి. ఎప్పుడూ వాటిని కోసి పారేస్తాడు. ఆసారి కొయ్యలేదు. ఆ యూదులు బట్ట మూలలకు కుచ్చులు కట్టుకుని, అందులో ఒక నీలిపోగు కలుపుకోవాలని చదివాడు. కుచ్చు కనబడ్డప్పుడల్లా చట్టం గుర్తుకు రావాలట, కళ్లు చూసినచోటికల్లా మనసు పోకుండా. ఆ మాట ఎంతో నచ్చి, జానెడు పొడుగు కుచ్చులు జడలా అల్లి, నీలిపోగు ముడేసి, దసరాకు అల్లుడికి పెట్టాడు.

అల్లుడికి.

చంద్రమౌళి పుస్తకం పక్కన పెట్టాడు. గుంతలోంచి లేచాడు. పెరటి వైపు నడిచాడు.

ఎండ చుర్రుమంటోంది. నీల దండెం మీద బట్టలు ఆరేస్తోంది. చీర, అంగీ, పిల్లోడి చొక్కా. ఆ పక్కన తువ్వాల. ఎర్రంచు, నడుమ జంట పసుపు పోగు. నీళ్లు కారుతున్నాయి. చంద్రమౌళి దగ్గరికి పోయి కొస పట్టుకుని కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. నాలుగు మూలలూ చూశాడు. కుచ్చుల్లేవు. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉన్నాయి మూలలు. ఒక మూలన గింజంత నీలిపోగు మాత్రం మిగిలింది.

"కుచ్చులేవి బిడ్డా?"

"ఆయన్నే కోసుకున్నడు బాపూ. సాంచెల చిక్కుకుంటున్నయట. చెయ్యి పోతదని భయమైందట."

అది కూడా నిజం కావచ్చు. సాంచెలో కొంగు చిక్కి చేతులు పోయినవాళ్లు సిరిసిల్లలో ఉన్నారు. కానీ దసరా నుంచి చిక్కుకోని కుచ్చులు ఇప్పుడు చిక్కుకున్నాయి.

"ఎప్పుడు కోసిండు?"

"శుక్రారం. ఏమైంది బాపూ?"

శుక్రవారం. ముత్యం శవాన్ని జీపులో వేసుకుపోయిన మరునాడు.

"ఏం లేదు," అన్నాడు చంద్రమౌళి.

జలపతి లోపలి అర్రలోంచి వచ్చాడు. తల దువ్వుకున్నాడు. భుజానికి సంచి ఉంది. గంగవ్వ ఇంట్లో ఉందని చూసి, ఆ పక్కకు చూడకుండా పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మామా, నేను బయలెల్తున్న. బస్సుకు యాల్లయితది."

"ఇంకా పన్నెండన్న కాలే అల్లుడా."

"జర తొందరగ పోయి రోడ్డు మీద నిలవడ్త."

"బుధారం నాడు గిటు దిక్కు వచ్చినవా?"

జలపతి సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "లేదే. బుధారం నాకు పగలంత సాంచె మీదనే పని."

నీల తడి చేతులు చీరకు తుడుచుకుంటూ, "బుధారం కోరుట్ల పోయిన అన్నవ్ గద," అంది. మామూలుగా అంది. మరిచిపోయిన మొగుడికి గుర్తుచేసినట్టు.

జలపతి పెండ్లాం వైపు చూశాడు. ఆ చూపు చూశాక నీల చేతులు చీర మీదనే ఆగిపోయాయి. ఆమెకు ఏం అర్థమైందో ఏమో, తండ్రి చేతిలో ఉన్న తువ్వాల కొస వైపు చూసింది. చంద్రమౌళి దాన్ని వదిలేశాడు.

"కోరుట్లనే పోయిన," అన్నాడు జలపతి మెల్లగా. "మరిచిన."

అప్పుడు వాకిట్లో సైకిల్ చప్పుడైంది.

పరశురాములు సైకిల్‌ను నడిపించుకుంటూ ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకే వచ్చాడు. ముప్ఫై ఏళ్లుండవు. చంద్రమౌళి వాడకట్టులోనే పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు ఈ పెరట్లోనే కండెలు చుట్టాడు. ఇప్పుడు ఆయన వస్తే వాకిళ్లలో కూచున్నవాళ్లు లేచి లోపలికి పోతున్నారు.

"అల్లుడు కూడా వచ్చిండా. మంచిదే," అన్నాడు. చెమటలు కారుతున్నాయి. సైకిల్ దండెం గుంజకు ఆనించాడు. "పెద్దబాపూ, రేపు పొద్దెక్కకముందు గుట్ట కాడికి రావాలె. దళం అన్న చెప్పి పంపిండు."

ఆయన గొంతు గుర్తుపట్టి గంగవ్వ బయటికి వచ్చింది. తువ్వాల తిరిగి ఆమె భుజం మీద ఉంది. పరశురాములు ఆమెను చూసి తల తిప్పుకున్నాడు గానీ చెప్పడం ఆపలేదు.

"నీ పుస్తకం సంగతి నేనే చెప్పిన అన్నకు. ఆయన మస్తు సదువుకున్నోడు. గా పుస్తకం ఆయనకు కూడా ఎరుకేనట. సాక్ష్యం చెప్పినోని చెయ్యే ముందుగాల లేవాలెనని ఉన్నదంట గదా అండ్ల."

"ఉన్నది," అన్నాడు చంద్రమౌళి.

"గట్లనే కానియ్యి అన్నడు. మొదటి దెబ్బ నీదే. ఆ తర్వాత మిగిలింది మేం చూసుకుంటం."

సత్యవ్వ గంగవ్వ పక్కకు వచ్చి నిలబడింది.

ఆ మాట చంద్రమౌళి ఎన్నోసార్లు చదివాడు. చదివినప్పుడల్లా అది దెబ్బ గురించి కాదు, నోరు గురించి రాసింది అనుకునేవాడు. చంపే రాయి తన చేత్తోనే ఎత్తాల్సి వస్తుందని తెలిస్తే, మనిషి నోరు తెరిచే ముందు రెండుసార్లు ఆగుతాడని. తను ఆగలేదు. గుడ్డకు ఏడు దినాల గడువిచ్చిన పుస్తకాన్ని ఎనిమిదేళ్లు చదివి, మనిషికి ఏడు గడియల గడువివ్వలేదు. మచ్చ కనబడింది, కాల్చండి అన్నాడు.

"పరశురాములూ."

"ఆఁ."

"రేపటి దాక ఎందుకు. ఇప్పుడే చెప్త, పోయి చెప్పు. నేను మొఖం సూడలే. గుడ్డ సూసిన."

పరశురాములు నొసలు ముడిపడింది. "గుడ్డ సూసినవనే గద శనారం చెప్పినవ్. గసొంటి అంచు తాలూకాల ఇంకో మనిషి భుజం మీద లేదన్నవ్."

"అన్న. తప్పు."

"తప్పంటే?"

పెరట్లో ఐదుగురు మనుషులు తనవైపే చూస్తున్నారు. నీల చేతులు ఇంకా చీర మీదనే ఉన్నాయి. జలపతి గుమ్మంలోంచి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. పిలిచి అడిగినప్పుడు, తెలిసి కూడా చెప్పనివాడు ఆ దోషం తనే మోస్తాడు. అదీ ఉంది ఆ పుస్తకంలో.

"ఇంకోటున్నది," అన్నాడు చంద్రమౌళి. "ఒక్క పడుగు మీద రెండు నేసిన. మరిచిపోయిన."

గంగవ్వ నోట్లోంచి ఊపిరి బయటికి వచ్చింది. నిన్నటి నుంచి బిగపట్టుకున్నట్టు.

"సోంచాయించి మాట్లాడు పెద్దబాపూ," అన్నాడు పరశురాములు. గొంతులో చనువు పోయింది. "లేదంటివి. ఇయ్యాల ఉన్నదంటున్నవ్. గా ముచ్చట విని ఒక మనిషిని కట్టేసి కూసోవెట్టినం. ఉట్టి సాక్ష్యం చెప్పినోనికి ఏం చెయ్యాలెనో నీ పుస్తకంల ఉన్నదని హోటల్ కాడ నువ్వే ఓసారి చెప్పినవ్."

"ఎదుటోనికి ఏం గావాలెనని చెప్పిండో గదే చెప్పినోనికి గావాలె."

"మల్ల?"

"మల్ల గదే. అన్నకు గది కూడా చెప్పు. పోశాన్ని ఇడిసిపెట్టుమను. నన్ను కట్టేస్తే కట్టెయ్యుమను."

"ఏందయ్యా నువ్వు మాట్లాడేది," అంది సత్యవ్వ. ఆ మాట ఆమెకే వినబడలేదు.

పరశురాములు చాలాసేపు చూశాడు ముసలాయన ముఖంలోకి. అబద్ధం వెతుకుతున్నట్టు చూశాడు. దొరకలేదు.

"నిన్ను కట్టేసే సంగతి తర్వాత. పోశం కాకుంటే పోలీసోళ్ల కాడ నిలవడ్డోడు ఇంకోడున్నట్టే గదా. ముత్యం నాతోని ఒక్క తల్లెల తిన్నడు పెద్దబాపూ." గొంతు తగ్గించాడు. "గా రెండో తువ్వాల ఎవలికిచ్చినవ్?"

చంద్రమౌళి నోరు తెరిచాడు. చూపు బిడ్డ మీద పడింది. దండెం మీంచి నీటిచుక్కలు నేలమీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నీల ఒక అడుగు ముందుకు వేసింది, దండెం వైపు. ఇంకో అడుగు వేసేలోపు, పరశురాములు కళ్లలోకి దిగుతున్న చెమటతో విసిగి, చూడకుండానే వెనక్కి చెయ్యి చాపి, చేతికందిన తడి గుడ్డను దండెం మీంచి లాగాడు.

ముఖం తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు.

తుడుచుకుని, గుడ్డను కిందికి దించాడు. ఎర్రంచు వేళ్ల మధ్య ఉంది. దాన్ని చూశాడు. తలెత్తి, గంగవ్వ భుజం మీదికి చూశాడు.